ఆదివారం కాకులు రావు

నేను డిగ్రీ పాసయ్యాను! ఇంగ్లీషుతో సహా పాసయ్యాను! పొద్దున ఫోన్‌లో ఫలితాలు చూసుకున్నాను. కళ్లజోడు తుడుచుకొని మళ్లీ చూసుకున్నాను. హాల్‌టికెట్ నంబరు ఒక్కో అంకె మీద వేలు పెట్టి సరిచూసుకున్నాను. నాదే. యాభై ఆరేళ్ల వయసులో నా పేరు పక్కన బి.ఏ. అనే రెండు అక్షరాలు పడ్డాయి. మా పుట్టింట్లో గానీ అత్తగారింట్లో గానీ ఇంతవరకు ఎవరి పేరు పక్కనా పడని అక్షరాలు. మా ఆయన సంతోష్‌నగర్‌లో పాలపాకెట్ల దుకాణంలో ఉన్నాడు, ముందు ఆయనకే ఫోన్ చేశాను. "మస్తయింది పో! ఇగ నాకు లెటర్లు గిట్ల వస్తే నువ్వే చదువు" అని నవ్వాడు. తర్వాత, "వచ్చేటప్పుడు పెరుగు డబ్బాలు రెండు పట్టుకరా, అయిపోయినయి" అన్నాడు. ఇంకా చాలామందికి చెప్పాలి. తొందరలో నంబర్లు తప్పు కొడుతున్నాను. కాస్త కుదుటపడేదాకా ఇది రాస్తాను. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నా చిన్నప్పుడు, హుస్సేనీ ఆలంలో మా ఇంటి ముందు భాగం బర్రెలది, వెనక భాగం మాది. అమ్మ, బాపు, నేను, నాలుగేళ్ల తమ్ముడు. బాపు పాలు పితికేవాడు, అమ్మ గల్లీలన్నీ తిరిగి పోసి వచ్చేది. పైన మిద్దె. మిద్దె మీద బర్రెలకు ఎండుగడ్డి మోపులు, ఒక మూల నీళ్ల తొట్టి. మా మిద్దెకూ పక్కింటి మిద్దెకూ నడుమ మోకాలెత్తు గోడ. ఆ గోడ దాటితే పక్కింటి అక్క.

అక్క ఒక ఫోటో స్టూడియోలో టచింగ్ పని చేసేది. అప్పట్లో ఫోటోలన్నీ నలుపూ తెలుపే. నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో గీకి పెళ్లికూతుళ్ల మొటిమలూ, పెళ్లికొడుకుల మశూచి మచ్చలూ మాయం చేసేది. పదో తరగతి పాసైంది గానీ ఆపైన ఇంట్లో చదివించలేదు. వారమంతా తల వంచుకొని ఆ పనే. ఆదివారం మాత్రం పిట్టల ఫోటోలు తీసేది. ఎందుకని అడిగితే, "పొద్దుందాక మంది మొఖాలు సాఫ్ జేసి జేసి యాష్టకొస్తది. పిట్టకు టచింగ్ అక్కర లేదు, ఎట్లుంటే గట్లనే మంచిగుంటది" అనేది.

రీలు ఎక్కడిదంటే, పెళ్లిళ్లది. ముప్పై ఆరు బొమ్మల రీలులో పెళ్లివాళ్లవి అయిపోయాక చివర ఒకటో రెండో మిగిలేవి. సోమవారం ఎలాగూ ఆ రీలు కడగాలి. ఆ మిగిలినవాటిని వాడుకొమ్మని స్టూడియో ఓనరు శనివారం సాయంత్రం కెమెరా అక్క చేతికిచ్చి పంపేవాడు. అంటే మాకు వారానికి ఒక్క బొమ్మ. బాగా కలిసొస్తే రెండు.

ఒక్క బొమ్మ కోసం రెండు మూడు గంటలు కూర్చునేవాళ్లం. దూరంలో ఉన్నవాటిని దగ్గరగా చూపించే అద్దాలేవీ ఆ కెమెరాకు లేవు. పిట్టే మన దగ్గరికి రావాలి. గడ్డిమోపుల వెనక గోనెసంచి కప్పుకొని, గోడ మీద నూకలు చల్లి, ఊపిరి కూడా చప్పుడు కాకుండా పీల్చుకుంటూ కూర్చోవాలి. అక్క పెట్టిన నియమం ఒక్కటే. నొక్కేముందు పిట్ట పేరు చెప్పాలి. పేరు తెలియకపోతే నొక్కకూడదు, పోనివ్వాలి. "పేరు ఎర్క లేనిదాన్ని కొడితే అది వట్టి మరకనే" అనేది.

అలా పేర్లు నేర్చుకున్నాను. మగ పిచ్చుకకు గొంతు కింద నల్ల రుమాలు కట్టినట్టుంటుంది, ఆడదానికి ఉండదు. గోరింకకు కంటి చుట్టూ పసుపు పూసినట్టుంటుంది, అది గెంతదు, మనిషిలాగా అడుగులో అడుగు వేసి నడుస్తుంది. పిగిలిపిట్టకు తల మీద టోపీ, తోక కింద ఎర్రటి మచ్చ. నలుపు తెలుపు ఫోటోలో ఆ ఎరుపు రాదు కాబట్టి కళ్లతోనే చూసి రాసుకోవాలి. బర్రె వీపు మీద కూర్చునే తెల్లకొంగకు వానాకాలం ముందు మెడ నారింజ రంగుకు తిరుగుతుంది. ముందు దాని సైజు చూడు, పిచ్చుకంతా గోరింకంతా కాకంతా అని. తర్వాత ముక్కు చూడు. తర్వాత తోక చూడు. అన్నిటికంటే ముఖ్యం, అది ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏం చేస్తుండగా కనబడిందో రాయి. నా బడి రఫ్ నోట్‌బుక్ వెనక నుంచి రాసుకుంటూ వచ్చాను.

ఒకసారి గోధుమరంగు మీద తెల్లచుక్కలున్న పెద్ద పిట్ట వచ్చి వాలింది. నేను పెద్ద తెలిసినదానిలాగా "డేగ!" అని నొక్కేశాను. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. "డేగ గాదే పిచ్చిదానా, కోయిల పెండ్లం! పాటలు మొగడియి, చీరలు ఈమెయి" అంది. ఆ వారం బొమ్మ అలా ఖర్చయింది.

ఆరు నెలల్లో ఎనిమిది పిట్టలు వచ్చాయి. కాకి మాత్రం రాలేదు. హుస్సేనీ ఆలంలో కాకికి కరువా అంటే కాదు. మిగతా రోజుల్లో నా చేతిలో రొట్టె ముక్క లాక్కుపోయేవి. ఆదివారం పొద్దున మాత్రం ఒక్కటీ కనబడేది కాదు. నేను దిగులుపడుతుంటే అక్క నన్ను మిద్దె ఆ చివరకు తీసుకెళ్లి చూపించింది. నాలుగు గల్లీల అవతల, మాంసం దుకాణాల మీద ఆకాశంలో నల్లటి గుంపు తిరుగుతోంది. "ఆదివారం బస్తీ బస్తీ అంత మటన్ కొంటది. గాడ కాకులకు దావత్. మన నూకలకు ఎవడొస్తడు? దుకాణాలు కడిగినంక నీళ్లు తాగనీకె ఇటొస్తయి, చూడు" అంది. నిజమే. పదకొండు దాటాక ఆ గల్లీలో బకెట్లతో నీళ్లు కొట్టే చప్పుడు వినబడేది, ఆ తర్వాత కాసేపటికి ఒక్కొక్కటే మా తొట్టి మీదికి వచ్చేవి. అప్పటికి అక్క వంటకు దిగిపోయేది. అయిదారు ఆదివారాలు వరసగా రాసిపెట్టాను. పదకొండుంబావు. పదకొండున్నర. పదకొండూ ఇరవై. ఎప్పుడూ అంతే.

ఆ ఎండాకాలం మా అమ్మకు పచ్చకామెర్లు వచ్చాయి. చెట్టుమందు పోయించారు, తర్వాత దవాఖానాకు తీసుకెళ్లారు. వారం తిరగకుండానే అమ్మ పోయింది. అప్పటికి నాకు పదకొండేళ్లు.

మూడో రోజుకే పాల క్యాను నా చేతికి వచ్చింది. మా మేనత్త, బాపుకు అక్క, ఇల్లంతా తన చేతిలోకి తీసుకుంది. "ఇగ బడి ఏంది? ఇంట్ల ఆడదిక్కు గావాలె గదా" అంది. బాపు బర్రెల కొట్టంలోకి వెళ్లిపోయాడు. నన్ను ఎవరూ అడగలేదు, అడగాలని నాకూ తోచలేదు. నా బడిసంచి కొక్కేనికి అలాగే వేలాడింది. తమ్ముడికి అన్నం పెట్టడం, పెండ తీయడం, పాలు పోసి రావడం. ఇక జీవితమంతా ఇదేనని ఎవరూ చెప్పకుండానే నాకు తెలిసిపోయింది.

అంత చీకట్లోనూ నాకు ఒకే ఒక్క ఆశ ఉండేది. రాత్రి నేను ఏడుస్తుంటే మేనత్తే చెప్పింది. "తొమ్మిదో దినం నాడు పిట్టకు పెడ్తం బిడ్డా. మీ అమ్మ పిట్టై వస్తది. అప్పుడు సూస్కో." మావాళ్లలో అది ఆచారం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి మిద్దె మీద ఉంచుతారు. కాకి వచ్చి ముడితే పోయినవాళ్లు తృప్తిపడ్డట్టు. ముట్టకపోతే వాళ్ల మనసులో ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అది ముట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు తినరు.

నేను ఆ రోజు కోసం వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ బతికాను. ఇన్ని పిట్టలను గుర్తుపట్టడం నేర్చినదాన్ని, మా అమ్మను గుర్తుపట్టలేనా అనుకున్నాను. ఆ రోజు పొద్దున్నే తలస్నానం చేసి, అమ్మ కుట్టించిన గౌను వేసుకొని, అందరికంటే ముందు మిద్దె ఎక్కి కూర్చున్నాను.

ఎనిమిదింటికల్లా విస్తరి పెట్టారు. అమ్మ ముక్క ముట్టేది కాదు కాబట్టి మాంసం లేదు. అన్నం, పప్పు, జొన్నరొట్టె, చింతకాయ తొక్కు, మా బర్రెల పాలతో తోడుపెట్టిన గట్టి పెరుగు, ఒక గ్లాసులో ఛాయ్. చుట్టాలు ఇరవైమంది దాకా మెట్ల దగ్గర తలలు దాచుకొని నిలబడ్డారు. అందరూ పరగడుపున ఉన్నారు. తొమ్మిదైంది. పదైంది. బండలు కాలడం మొదలైంది.

రెండు పిచ్చుకలు వచ్చి అన్నం మీద వాలాయి. మేనత్త కొంగు విసిరి "ఉష్, పో!" అని తరిమింది. గోరింక ఒకటి గోడ మీద నడుచుకుంటూ వచ్చి పెరుగు వైపు తల వంచి చూసింది. దాన్నీ తరిమింది. "గివి లెక్కకు రావు. కాకే ముట్టాలె" అంది. అమ్మ పిచ్చుకై వచ్చి ఉంటే? ఎగిరిపోయిన ఆ రెండింటిలో నల్ల రుమాలు లేనిదాన్ని అది కనుమరుగయ్యేదాకా చూశాను.

పదిన్నర దాటాక గుసగుసలు మొదలయ్యాయి. మేనత్త విస్తరి ముందు చేతులు తిప్పుతూ నిలబడింది. "ఏందే మరదలా, ఏం కోపమే? ఏం మనసుల పెట్టుకున్నవ్? తమ్మీ, మాటియ్యి. ఏదో ఒకటి మాటియ్యి."

బాపు మిద్దె మీద మోకాళ్లూని కూర్చొని చేతులు జోడించాడు. "నీ బర్రెను అమ్మ. ఎన్ని కష్టాలొచ్చినా అమ్మ" అన్నాడు. పిట్ట రాలేదు. "పోరన్ని మంచిగ సూస్కుంట" అన్నాడు. రాలేదు. చివరికి, "ఇంకో పెండ్లి జేస్కోను" అన్నాడు. మేనత్త గతుక్కుమంది. ఆమె అప్పటికే మలక్‌పేటలో ఒక సంబంధం చూసి వచ్చింది. మెట్ల మీద నుంచి మా చిన్నతాత, "గా మలక్‌పేట ముచ్చట ఆమెకు ఎర్కైనట్టుంది" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. అయినా పిట్ట రాలేదు.

అప్పుడు బాపు ఏడ్చాడు. అమ్మను తీసుకెళ్లిన రోజు కూడా ఏడవని మనిషి, బండ మీద తల పెట్టి, "ఇగ నాతోని ఏంగాదు, నన్నెందుకు గోస పెడ్తున్నవే" అని ఏడ్చాడు. అది చూడలేక తల తిప్పుకున్నాను. తిప్పిన వైపున, నాలుగు గల్లీల అవతల, ఆకాశంలో నల్లటి గుంపు తిరుగుతోంది.

ఆదివారం.

తొమ్మిది రోజులు వేళ్ల మీద లెక్కపెట్టాను గానీ ఏ వారమో చూసుకోలేదు. అమ్మకు కోపం రాలేదు. కాకులు మాంసం గల్లీలో ఉన్నాయి, అంతే. ఆ మాట బాపుతో చెప్పేద్దామని నోరు తెరిచాను. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఎందుకంటే దాని వెనకే రెండో సంగతి కూడా తెలిసింది. కాసేపట్లో దుకాణాలు కడుగుతారు. ఒక కాకి వస్తుంది, ప్రతి ఆదివారం వచ్చినట్టే. అది మా అమ్మ కాదు. ఇవాళ అమ్మ రాదు. ఏ రోజూ రాదు.

ఆ క్షణంలో నా భుజం మీద చెయ్యి పడింది. పక్కింటి అక్క గోడ దాటి వచ్చింది. మెడలో కెమెరా ఉంది. నా భుజం గట్టిగా నొక్కింది, నోరు మూయమన్నట్టు. దూరపు గల్లీ వైపు ఒకసారి చూసింది. చేతి గడియారం చూసుకుంది. తర్వాత బాపు పక్కన కూర్చుంది.

"అన్నా, ఒక్క మాట. వదినె నాతోని పిల్ల చదువు ముచ్చట జెప్పింది. గది మనసుల పెట్టుకున్నదేమో."

మేనత్త ఊరుకుంటుందా. "నువ్వెవరివే నడుమ? నీ చదువుతోని నువ్వేం పెద్ద కలెక్టరువైనవ్? పిల్ల బడికి పోతే పాలెవరు పోస్తరు, నువ్వొచ్చి పోస్తవా?"

"చెప్పి సూడనియ్యి అక్కా. వస్తే వస్తది, లేకుంటే లేదు. ఇన్ని చెప్పిండు, గిదొక్కటి చెప్తే ఏం బోతది?"

బాపు తల ఎత్తి నా వైపు చూశాడు, బర్రెల కొట్టం వైపు చూశాడు. ఎంతసేపో. అక్క మళ్లీ గడియారం చూసుకుంది. కెమెరా మూత తీసి మళ్లీ పెట్టింది. అంతలో దూరపు కరెంటు స్తంభం మీద మొదటి కాకి వాలింది. అక్కా చూసింది, నేనూ చూశాను. ఇంకెవరూ చూడలేదు.

"జల్ది జెప్పు అన్నా!" అంది అక్క.

బాపు కళ్లు మూసుకున్నాడు. "తోల్త. పిల్లను బడికి తోల్త. పది పాసయ్యేదాక ఆపను. ఒట్టు."

కాకి స్తంభం మీది నుంచి గడ్డిమోపు మీదికి వచ్చింది. గడ్డిమోపు మీది నుంచి గోడ మీదికి. మెడ అటూ ఇటూ తిప్పి, రెండు గెంతులు గెంతి, విస్తరిలో రొట్టె అంచు పట్టుకుంది. మిద్దె మీద ఒక్కసారిగా ఏడుపులూ దండాలూ. "వచ్చినవా తల్లీ, వచ్చినవా" అని మేనత్త గుండెలు బాదుకుంటోంది. బాపు నేల మీద సాగిలపడ్డాడు.

అక్క కెమెరా నా చేతుల్లో పెట్టింది. చెవిలో, "ఒక్కటే ఉన్నది. కొట్టు" అంది.

కన్ను ఆనించాను. చిన్న కిటికీలో ముక్కున రొట్టె ముక్కతో నిలబడి ఉంది. నొక్కేముందు పేరు చెప్పాలి. అమ్మా అనాలని పెదవులు ఎంత కొట్టుకున్నాయో నాకే తెలుసు. దాని మెడ చుట్టూ బూడిదరంగు చూశాను. ముక్కు చూశాను. తోక చూశాను.

"కాకి" అన్నాను. నొక్కాను.

ఆ తర్వాత అందరూ కిందికి పోయి అన్నాలు తిన్నారు. ఇరవైమందికీ ఓదార్పు దొరికింది. నాకు మాత్రం బడి దొరికింది.

తర్వాతి ఆదివారం గడ్డిమోపుల వెనక కూర్చున్నప్పుడు అక్కను అడిగాను. "నువ్వు గడియారం చూసినవ్." "చూసిన" అంది. "మా అమ్మ నీతోని నిజంగ చెప్పిందా?" అక్క కెమెరా అద్దం మీద ఊది, కొంగుతో చాలాసేపు తుడిచింది. "చెప్తుండె, టైమ్ దొరికుంటే" అంది. అంతకు మించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆ ఫోటో మంచిగా వచ్చింది. వెనక మసకగా బాపు జోడించిన చేతులు కూడా పడ్డాయి. బాపు దాన్ని కూడా పటం కట్టించి అమ్మ ఫోటో పక్కనే గోడకు వేశాడు. ఇంటికి వచ్చిన చుట్టాలు అమ్మకో దండం, కాకికో దండం పెట్టేవాళ్లు. నేను రోజూ ఆ రెంటి కింది నుంచే బడికి పోయాను.

బాపు మాట తప్పలేదు. పదో తరగతి దాకా ఒక్కరోజు కూడా ఆపలేదు, పొద్దున పాలు తానే పోసి వచ్చేవాడు. పది పాసైన నెలకే సంబంధం చూశాడు. ఒట్టు అక్కడిదాకే. ఇంకా చదువుతానని నేను అడిగాను. ఏడ్చాను. రెండు రోజులు అన్నం మానేశాను. అప్పటికి అక్క పెళ్లై ఊరు విడిచిపోయింది. నాకోసం గడియారం చూసేవాళ్లు ఎవరూ లేరు. ఆ తర్వాత నలభై ఏళ్లు పాలు, పెరుగు, పిల్లలు, దుకాణం.

ఆ రోజు నుంచి నాతో వచ్చింది ఇది. ఏదైనా జరగకపోతే నా పాపమా, ఎవరి కోపమా అని వెతకను. ఇది ఏ రోజు, ఎన్ని గంటలు, ఏం చేస్తుండగా జరిగింది అని చూస్తాను. పిల్లలు పెద్దయ్యాక ఓపెన్ యూనివర్సిటీలో చేరి, ఇంగ్లీషు పరీక్ష మూడుసార్లు పోయినప్పుడు కూడా అలాగే చూశాను, అందుకే నాలుగోసారి రాశాను. కానీ అలా చూడడం అలవాటైనవాళ్లకు ఒకటి పోతుంది. పోయినవాళ్లు మళ్లీ వస్తారని నమ్మడం నాకు పదకొండో ఏటే పోయింది, ఈ నలభై అయిదేళ్లలో తిరిగి రాలేదు. బంధువుల ఇళ్లలో పిట్టకు పెట్టినప్పుడు నేనూ వెళ్లి నిలబడతాను. వాళ్లు ఆకాశం చూస్తారు, నేను గడియారం చూస్తాను. ఎవరితోనూ ఏమీ అనను. ఆలస్యమయ్యేట్టుంటే ఆకలితో ఉన్న పిల్లలను మెల్లగా కిందికి తీసుకెళ్లి, తలుపు దగ్గరగా వేసి అన్నం పెడతాను.

ఇప్పుడు కుదుటపడ్డాను. ఇంకా ఫోన్ చేయవలసినవాళ్లు:

బాపు. చెవులు వినబడవు, తమ్ముడి ఫోన్‌కు చేసి గట్టిగా అరవాలి. "మీ అమ్మ గా రోజు వచ్చింది గదా, గందుకే" అంటాడు. అవును బాపూ అనాలి.

తమ్ముడు. బాపుతో అయ్యాక ఫోన్ పెట్టేయకుండా వాడితో కూడా మాట్లాడాలి.

మేనత్త కూతురు. మేనత్త లేదు, ఉంటే మొదట ఆమెకే చేసేదాన్ని.

ఇంగ్లీషు నేర్పిన పై వాటా అమ్మాయి. ఆఫీసులో ఉంటుంది, అయిదు దాటాక.

నాతో కూర్చొని పరీక్షలు రాసిన టైలరమ్మ. ముందు ఆమె సంగతి అడగాలి, పరీక్ష పోయి ఉంటే నాది ఇవాళ చెప్పకూడదు.

పక్కింటి అక్క. నంబరు లేదు.